సోలెడు కారం పావుకిలో తూగదు

ప్రశ్న: మాది ఒంగోలు వైపు. పెళ్ళయినప్పటి నుంచీ బెంగళూరులోనే, మారతహళ్ళిలో ఉంటున్నాం. అత్తయ్యగారు మా దగ్గరే ఉంటారు. ఆవిడకి ఎనభై దగ్గర పడుతున్నాయి, ఈ ఏడాది ఆవకాయ నన్నే కలపమన్నారు. ఆవిడ కొలతలన్నీ ఇత్తడి సోలతోనే. జర్మనీలో చదువుకుంటున్న మా అబ్బాయి "అమ్మా, అన్నీ గ్రాముల్లో రాసి పంపు" అంటున్నాడని డిజిటల్ త్రాసు కొన్నాను. సోల నిండా నీళ్ళు పోసి తూస్తే 250 గ్రాములు వచ్చింది. సరే, సోలంటే పావుకిలో అని రాసుకున్నాను. అత్తయ్యగారి లెక్క ఆరు సోలల ముక్కలకి సోలెడు కారం, సోలెడు ఆవపిండి, మూడు గిద్దల ఉప్పు, రెండు సోలల నూనె. ముక్కలు సోలతోనే కొలిచాను. మిగతావి తూచి వేశాను. కారం 250, ఆవపిండి 250, ఉప్పు 190, నూనె 500 గ్రాములు. మూడోరోజు తిరగేస్తే పచ్చడి గట్టి ముద్దలా ఉంది. నూనె తేలలేదు. నోట్లో పెడితే మంట, ఉప్పేమో చాలలేదు. అత్తయ్యగారు రుచి చూసి ఏమీ అనలేదు, నాకు అదే ఎక్కువ టెన్షన్‌గా ఉంది. సంక్రాంతికి చేసిన అరిసెలు కూడా నూనెలో విడిపోయాయి. ఆవిడ నోటుపుస్తకంలో వీశె, పదలం, ఏబలం అని కూడా రాసి ఉన్నాయి. పక్కింటి కన్నడావిడ ఇచ్చిన బిసిబేళేబాత్ పొడి లెక్కలో "పావు" అని ఉంది. ఇవన్నీ గ్రాముల్లోకి ఎలా మార్చాలి? పచ్చడి దక్కుతుందా? అపార్ట్‌మెంట్‌లో కొందరు డబ్బులిచ్చి కొంటామంటున్నారు, అమ్మొచ్చా?

జవాబు: పచ్చడి దక్కుతుంది. ముందు దాని సంగతే చూద్దాం, నోటుపుస్తకం నాలుగు రోజులు ఆగినా పరవాలేదు కానీ జాడీ ఆగదు.

సోలని నీళ్ళతో తూచడం మంచి పనే చేశారు. నీళ్ళు మిల్లీలీటరుకి ఒక గ్రాము తూగుతాయి కాబట్టి మీ సోల 250 మిల్లీలీటర్లు పడుతుందని తెలిసింది. అక్కడిదాకా తప్పేం లేదు. అయితే ఆ 250 అనేది నీళ్ళ బరువు. అదే సోలలో మెత్తటి ఉప్పు తలకొట్టి, అంటే అంచుకి సమంగా పైది తీసేసి పోస్తే 300 గ్రాముల దాకా తూగుతుంది. కారం పోస్తే 110 నుంచి 130 లోపు. ఆవపిండి కూడా ఇంచుమించు అంతే, 105, 110 దగ్గర ఉంటుంది. ఉప్పు గింజ బరువైనది, చిన్నది, ఒకదాని పక్కన ఒకటి సర్దుకుని కూర్చుంటుంది. కారం అలా కాదు. ఎండిన మిరపతొక్క పొరలు పొరలుగా నలుగుతుంది, ఆ పొరల మధ్య అంతా గాలే. సోలలో మీకు కనిపించే కారంలో సగం పైగా గాలి ఉంటుంది.

ఇప్పుడు మీ లెక్క పక్కన అత్తయ్యగారి లెక్క పెట్టి చూడండి. ఆవిడ సోలెడు కారం అంటే 120 గ్రాములనుకుందాం, మీరు 250 వేశారు. ఆవపిండి 110 పడాల్సిన చోట 250 పడింది. మూడు గిద్దల ఉప్పు, అంటే ముప్పావు సోల, 225 దాకా తూగాలి, మీరు 190 వేశారు. కారం, ఆవ రెట్టింపు దాటాయి, ఉప్పు తగ్గింది. నూనె ఒక్కటే దాదాపు సరిగ్గా పడింది. రెండు సోలల నువ్వులనూనె 460 గ్రాములు, మీరు 500 పోశారు, ఆ నలభై గ్రాములతో ఏ నష్టమూ లేదు. నూనె తేలకపోవడానికి కారణం నూనె తక్కువై కాదు, రెట్టింపు పిండి దాన్ని పీల్చేసుకుంది. మంట, ముద్ద, ఉప్పు చాలకపోవడం, మూడూ ఒక్క పొరపాటులోంచే వచ్చాయి.

పచ్చళ్ళలో ఈ పొరపాటు మరీ తేలిగ్గా జరుగుతుంది. మన పచ్చళ్ళ లెక్కలన్నీ పాళ్ళలో ఉంటాయి కదా, ఇంత ముక్కకి ఇంత కారం, దానికి సమానంగా ఆవ, కాస్త తగ్గించి ఉప్పు అని. ఆ పాళ్ళు కొలపాత్రలో కుదిరిన పాళ్ళు. వాటిని అలాగే త్రాసు మీదికి ఎక్కిస్తే కుదరవు. కొలతలో ఉప్పు కారం కంటే తక్కువ, తూకంలో మాత్రం కారానికి దాదాపు రెట్టింపు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే ఏ పచ్చడి లెక్క చూసినా అది కొలతలో రాసిందో తూకంలో రాసిందో మీకే తెలిసిపోతుంది. కారమూ ఉప్పూ సమానంగా కనిపిస్తే అది కొలత లెక్కే అయ్యుంటుంది.

ఇక రిపేరు. మీ జాడీలో ఇప్పుడు రెండు పచ్చళ్ళకి సరిపడా కారం, ఆవ ఉన్నాయి. కాబట్టి రెండో పచ్చడికి కావలసిన ముక్కలు, ఉప్పు, నూనె చేరిస్తే సరిపోతుంది. ఇంకో ఆరు సోలల ముక్కలు కొట్టించండి. మడివాళ మార్కెట్‌కో కె.ఆర్. మార్కెట్‌కో వెళితే తోతాపురి కుప్పలుగా కనిపిస్తుంది, దాని జోలికి పోకండి. మన వైపు దాన్ని బెంగళూరు మామిడి అనే అంటారు, ఆ ఊళ్ళోనే ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. తినడానికి బాగుంటుంది కానీ ఆవకాయకి ఆ పులుపు చాలదు, ముక్క త్వరగా మెత్తబడుతుంది. టెంక గట్టిపడిన పుల్లకాయ అడిగి తీసుకోండి. ముక్కలు తడి లేకుండా గుడ్డతో తుడిచి, జీడి, లోపలి పొర తీసేసి ఆరబెట్టండి.

రెండు పచ్చళ్ళకి ఉప్పు మొత్తం 450 గ్రాములు కావాలి. 190 ఇప్పటికే పడింది, మిగిలింది 260. ఒకేసారి అంతా వేయకండి. అత్తయ్యగారు వాడేది కళ్ళుప్పు దంచిందా, ప్యాకెట్ ఉప్పా అని అడగండి. దంచిన ఉప్పు కాస్త బరకగా ఉంటుంది కాబట్టి సోలకి తక్కువ తూగుతుంది, ఆవిడ మూడు గిద్దలు 200 గ్రాములే కావచ్చు. ముందు 200 గ్రాముల ఉప్పుని కొత్త ముక్కలకి పట్టించి, 400 గ్రాముల నూనె కలిపి, దాన్ని పాత పచ్చడిలో వేసి అడుగు నుంచి తిరగేయండి. మూడోరోజు మళ్ళీ తిరగేసి, రుచి చూసి మిగిలిన ఉప్పు వేసుకోండి. ఆవకాయని మూడోరోజు తిరగేసి ఉప్పు చూడటం ఎటూ మనకున్న పద్ధతే. కాయ దొరికే కాలం దాటిపోయి ఉంటే ఉన్న పచ్చడిలోనే ఇంకో 70, 80 గ్రాముల ఉప్పు, నూనె పైకి తేలేంత నూనె కలిపి ఫ్రిజ్‌లో పెట్టండి. ఘాటు తగ్గదు కానీ పాడవదు. ఎక్కడైనా బూజు కనిపిస్తే మాత్రం ఈ రిపేర్లేవీ పెట్టుకోకండి, పారేయండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. "ఏది ఎన్ని గ్రాములో ఒక పట్టిక ఇవ్వండి" అని మీరు అడగలేదు కానీ అడగాలనుకున్నారని తెలుస్తూనే ఉంది. ఇంటర్నెట్‌లో పట్టికలకి కొదవ లేదు, చాలావరకు తప్పు కూడా కావు. కానీ అవి ఎవరి కప్పుతోనో, ఎవరి చేతి పోతతోనో కొలిచినవి. అమెరికా పట్టికలో కప్పు అంటే 240 మిల్లీలీటర్లకి అటూ ఇటూ. ఆస్ట్రేలియా కప్పు 250. జపాన్ కప్పు 200. రైస్ కుక్కర్‌తో పాటు వచ్చే ప్లాస్టిక్ కప్పు 180 మిల్లీలీటర్లే. ఆ కుక్కర్ కప్పుతో కేకుకి మైదా కొలిచి, కేకు రాలేదని బాధపడేవాళ్ళు ఎంతమందో. టేబుల్ స్పూను చాలాచోట్ల 15 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో 20. ఇక మన ఇళ్ళల్లో స్టీలు గ్లాసు, టీ కప్పు సంగతి చెప్పక్కర్లేదు.

పాత్ర ఒకటే అయినా పోసే చెయ్యి మారితే బరువు మారుతుంది. మైదానే తీసుకోండి. చెంచాతో మెల్లగా పోసి తలకొడితే మీ సోలకి 125 గ్రాములు. డబ్బాలో సోల ముంచి తీస్తే 150 దాటుతుంది. శనగపిండి జల్లించి పోస్తే 95, అడుగున గట్టిగా దిగిపోయిన పిండి అయితే 120 పైన. బియ్యం, పప్పులు ఈ విషయంలో నయం. బియ్యం 205, 210 మధ్య, కందిపప్పు, మినప్పప్పు 210, పంచదార 210, ఎవరు పోసినా పెద్దగా మారవు. బొంబాయి రవ్వ 170, 175. నూనె సంగతి మీ వంటింట్లోనే రాసి ఉంది, లీటరు ప్యాకెట్ మీద 910 గ్రాములు అని కూడా వేస్తారు చూడండి. నెయ్యి కరిగాక దాదాపు అంతే, సోలకి 230 లోపు. బెంగళూరు చలికి గడ్డకట్టిన నెయ్యిని గరిటెతో సోలలోకి తోస్తే మాత్రం మధ్యలో ఖాళీలుండి తక్కువే పడుతుంది. అత్తయ్యగారి సున్నుండల లెక్కలో నెయ్యి కరిగించి పోసిందో కాదో అడిగి రాసుకోండి.

పైన నేను చెప్పిన అంకెలు కూడా సరిచూసుకోవడానికే. నోటుపుస్తకంలో రాయాల్సినవి అత్తయ్యగారి చేతి అంకెలు. ఆవిడ మీ ఇంట్లోనే ఉన్నారు, సోల ఉంది, త్రాసు ఉంది. త్రాసు మీద ఖాళీ గిన్నె పెట్టి సున్నా చేయండి. ఆవిడ ఎప్పుడూ పోసేటట్టే సోలతో పోయమనండి. అంకె రాసుకోండి. మళ్ళీ సున్నా చేసి మళ్ళీ పోయమనండి. ఒక్కో సరుకుకి మూడుసార్లు చాలు, మధ్య అంకె తీసుకోండి. కొన్ని ఆవిడ తలకొట్టి పోస్తారు, కొన్ని గోపురంలా నింపి పోస్తారు, "సోలెడు" అని రాసినా రెండూ ఒకటి కావు. ఆవిడకే ఆ తేడా తెలిసి ఉండదు, చెయ్యి అలవాటు అది. "తూస్తున్నాను అత్తయ్యా, సరిగ్గా పోయండి" అని మాత్రం అనకండి. వెంటనే పరీక్ష రాస్తున్నట్టు వేలితో తలకొట్టి పోస్తారు, మీకు కావలసింది అది కాదు. మామూలుగా వంట చేస్తున్నప్పుడే గిన్నె కింద త్రాసు పెట్టేయండి.

మూడుసార్లూ దగ్గర దగ్గర అంకెలు వచ్చిన సరుకుల గురించి మర్చిపోవచ్చు. మూడు రకాలుగా వచ్చినవి ఏవో చూడండి. పిండ్లు, కారం, తరిగిన బెల్లం, కోరిన కొబ్బరి తప్పకుండా అందులో ఉంటాయి. అబ్బాయికి గ్రాముల్లో పంపడం నిజంగా ఉపయోగపడేది వీటికే.

కారం విషయంలో ఇంకో మాట. బరువు సరిచేసుకున్నంత మాత్రాన ఘాటు సరికాదు. గుంటూరు మిరపకాయ కొట్టించిన కారానికి, బెంగళూరు సూపర్‌మార్కెట్‌లో ప్యాకెట్ కారానికి, బ్యాడగి మిరప కలిసిన కారానికి బరువు ఒకటే ఉన్నా మంట ఒకటి కాదు. బ్యాడగికి రంగెక్కువ, ఘాటు తక్కువ. 120 గ్రాముల పక్కన ఏ కారమో రాయకపోతే ఆ అంకె సగమే.

అరిసెల సంగతికి వద్దాం. మీరు ఉత్తరంలో లెక్క రాయలేదు కానీ మన వైపు పుస్తకాల్లో సాధారణంగా ఉండే లెక్క "అయిదు సోలల బియ్యానికి అరవీశె బెల్లం" అనే రకం. అది పట్టుకుని ఇలా జరిగి ఉంటుందని ఊహిస్తున్నాను. అయిదు సోలలని 1250 గ్రాములు చేసి, అంత తడిపిండి తూచి ఉంటారు. వీశె అంటే రెండు కిలోలని ఇంట్లో ఎవరో చెబితే అరవీశెకి కిలో బెల్లం వేసి ఉంటారు. రెండూ కలిస్తే అరిసె విడిపోవడం ఖాయం.

అయిదు సోలల బియ్యం అంటే కిలో పైన కొద్దిగా, 1040 గ్రాముల దగ్గర. అదీ నానబెట్టక ముందు, పొడిబియ్యం. నానాక బియ్యం నాలుగో వంతు పైనే బరువు పెరుగుతుంది, అదంతా నీళ్ళే. మీరు తూచిన 1250 గ్రాముల తడిపిండిలో అసలు బియ్యం కిలో కూడా లేదు. దానికి 700 గ్రాముల బెల్లం పడాల్సింది కిలో పడింది. బియ్యంతో సమానంగా బెల్లం ఉంటే ఏ అరిసె నిలబడుతుంది? అందుకని అరిసెలకి, తడిపిండితో చేసే వేటికైనా నానబెట్టే ముందు పొడిబియ్యమే తూచి రాయండి. తడిపిండి తూకం ఏ రోజుకారోజు మారుతుంది, బియ్యం ఎంతసేపు ఓడ్చారో, గుడ్డ మీద ఎంత ఆరిందో దాన్ని బట్టి. బెల్లం ఎప్పుడూ తూకమే, కొలత వద్దు. అచ్చుబెల్లం ముక్కలు సోలలో పోస్తే సగం ఖాళీ, తురిమి నొక్కితే రెట్టింపు. పాకం మాత్రం త్రాసు చెప్పదు. నీళ్ళలో వేస్తే ఉండ కట్టాలి, అది మీ వేళ్ళకే తెలియాలి.

వీశె, పదలం, ఏబలం చూసి కంగారు పడకండి. మీ నోటుపుస్తకంలో అన్నిటికంటే తేలికైనవి అవే, ఎందుకంటే అవి మొదటి నుంచీ తూకాలే. ఒక వీశె 40 పలాలు, పలం 3 తులాలు, తులం 11.66 గ్రాములు. ఆ లెక్కన వీశె 1400 గ్రాములు, అరవీశె 700, పదలం అంటే పది పలాలు 350, ఏబలం అంటే అయిదు పలాలు 175, పలం 35. తులం దగ్గర మాత్రం జాగ్రత్త, నగల కొట్లో ఇప్పుడు తులాన్ని 10 గ్రాములకి సర్దేస్తున్నారు, పాత వంట లెక్కకి ఆ తులం పనికిరాదు. మన దేశంలో మెట్రిక్ తూకాలకి 1956లో చట్టం చేసి, 1958 నుంచి దశలవారీగా తెచ్చారు. పుస్తకంలో ఈ మాటలున్న వంటలు అత్తయ్యగారికి ఆవిడ అమ్మగారి దగ్గర నుంచి వచ్చినవై ఉంటాయి, అడిగి చూడండి. "సేరు" కనిపిస్తే మాత్రం ఎవరి సేరో అడగాలి. మద్రాసు వైపు పాత తూకంలో సేరు 24 తులాలు, అంటే 280 గ్రాములు. ఉత్తరాది సేరు 80 తులాలు, 933 గ్రాములు.

కన్నడ వంటింట్లో సేరు, పావు రెండూ కొలపాత్రలు. సేరులో నాలుగో వంతు పట్టేది పావు. మీ పక్కింటావిడ "ఒందు పావు ధనియా" అంటే ఆ పాత్ర నిండా అని. మన పావుకిలో అనుకుని 250 గ్రాములు వేస్తే మీ బిసిబేళేబాత్ పొడి ధనియాల పొడి అయిపోతుంది. ధనియాలు చాలా తేలిక, మీ సోల నిండా పోసినా వంద గ్రాములు కూడా తూగవు. ఆవిడ పావుని ఒక పూట అడిగి తెచ్చుకోండి. నీళ్ళతో ఎంత పడుతుందో చూసి, తర్వాత ఆవిడ లెక్కలో ఉన్న ఒక్కో దినుసుని అందులో పోసి తూచి రాసుకోండి. కొత్తది కొనాలనుకుంటే చిక్కపేట వైపు పాత్రల అంగళ్ళలో అడగండి, కానీ కొత్త పావు ఆవిడ పావుకి సరిపోతుందనేమీ లేదు.

అబ్బాయికి పంపేటప్పుడు అన్నీ గ్రాముల్లోకి మార్చాలన్న పట్టుదల వద్దు. అన్నానికి ఒకటికి రెండు నీళ్ళు అనేది కొలతలో పాళ్ళు. తూకంలో అది ఒకటికి రెండు పాయింట్ నాలుగు దగ్గర పడుతుంది. 200 గ్రాముల బియ్యానికి 400 గ్రాముల నీళ్ళు పోస్తే పలుకు మిగులుతుంది. అతని దగ్గర కుక్కర్ కప్పు ఉంటే బియ్యానికీ నీళ్ళకీ అదే కప్పు వాడమనండి, ఏ లెక్కా అక్కర్లేదు. ఇడ్లీకి మాత్రం గ్రాములు పంపండి. ఒకటికి రెండు ఇడ్లీరవ్వ అనే మన లెక్క కూడా కొలతదే. మినప్పప్పు కప్పుకి ఎక్కువ తూగుతుంది, రవ్వ తక్కువ తూగుతుంది, కాబట్టి తూకంలో అది ఒకటికి ఒకటీ ముప్పాతిక లోపే. అక్కడ త్రాసు మీద 200 పప్పుకి 400 రవ్వ వేసి, ఇడ్లీ గట్టిగా వచ్చింది, జర్మనీ చలి వల్ల పులవలేదు అని ఫోన్ చేస్తాడు. చలి వాటా చలికుంటుంది, రవ్వ వాటా రవ్వకుంటుంది.

పోపు దినుసులు, కరివేపాకు, చారులో చింతపండు, కూరలో ఉప్పు తూచక్కర్లేదు. అవి రుచి చూసుకుని సరిచేసుకునేవి. తర్వాత సరిచేయడానికి వీల్లేనివే తూచాలి, అంటే నిలవ పచ్చళ్ళు, పాకాలు, బేకింగ్, పులవాల్సిన పిండ్లు.

చిన్న కొలతలకి మీ త్రాసుని నమ్మకండి. వంటింటి త్రాసులు ఎక్కువగా ఒక్కో గ్రాము చూపిస్తాయి. మూడు గ్రాముల ఈస్ట్ నెమ్మదిగా చల్లితే కొన్ని కదలను కూడా కదలవు. సోడా, ఈస్ట్, పసుపు, ఇంగువ లాంటివి 5 మిల్లీలీటర్ల టీస్పూనుతో తలకొట్టి వేయండి. టీస్పూను మెత్తటి ఉప్పు 6 గ్రాములు, వంటసోడా నాలుగున్నర, పసుపు, ఈస్ట్ మూడేసి. త్రాసు మీద మిల్లీలీటర్ల బటన్ ఉంటే దాన్ని నీళ్ళకే వాడండి. చాలా త్రాసులు పోసిందేదైనా నీళ్ళనుకునే అంకె మారుస్తాయి, నూనె పోసినా తేనె పోసినా దానికి తేడా తెలియదు. త్రాసు సరిగ్గా ఉందా అని అనుమానం వస్తే పది రూపాయల నాణేలు పది పెట్టి చూడండి. ఒక్కోటి 7.7 గ్రాముల పైచిలుకు, పదీ కలిసి 77 రావాలి. 70 చూపిస్తే ముందు బ్యాటరీ మార్చండి.

ఇక అమ్మడం. అమ్మొచ్చు, కానీ ఈ త్రాసుతో కాదు. లీగల్ మెట్రాలజీ చట్టం, 2009 ప్రకారం అమ్మకానికి తూచే త్రాసుని అధికారులు పరీక్షించి ముద్ర వేయాలి, వంటింటి త్రాసుకి అది ఉండదు. సీసా మీద నికర బరువు గ్రాముల్లో వేయాలి, సీసా బరువు కలపకుండా. ఇంట్లో చేసి చిన్నగా అమ్మినా ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ కావాలి, ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు పెట్టొచ్చు. ఈ ఏడాది జాడీని మాత్రం అమ్మకానికి పెట్టకండి. రిపేరు చేసిన పచ్చడి ఇంట్లోవాళ్ళకి, అడిగిన స్నేహితులకి ఊరికే ఇవ్వడానికి బాగానే ఉంటుంది. వచ్చే ఏడాది అత్తయ్యగారి అంకెలతో మొదట ఆరు సోలల ముక్కలకే కలపండి. మూడోరోజు ఆవిడ రుచి చూసి ఏమంటారో విన్నాక ఆర్డర్లు తీసుకోవడం గురించి ఆలోచించండి.